ఎవరి పిల్లవే నువ్వు

ఒడాలీ సోనియేకి అరవై మూడేళ్లు. టెష్ బయూ అనే నిదానపు ఏటి మీద, షిప్‌యార్డుకి దిగువన ఉన్న పాత ఇనుప వంతెనను ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమే తెరుస్తోంది, ఆమే మూస్తోంది. పడవ వస్తే గదిలో మీట లాగుతుంది. వంతెన పక్కకి తిరుగుతుంది. కార్లవాళ్లు గొణుక్కుంటూ ఆగుతారు. మీట లాగేముందు రిజిస్టరులో పడవ పేరు, నడిపే మనిషి పేరు రాసుకోవాలి. అది రూలు. రూలులో లేనిది ఇంకొకటుంది. పడవలతో మాట్లాడే రేడియోలో కొత్త గొంతు వినబడితే "ఎవరి పిల్లాడివి నువ్వు?" అని అడుగుతుంది. మా బయూలో అందరం అడుగుతాం. తల్లి ఇంటిపేరూ, తాత ఏ పడవ మీద రొయ్యలు పట్టాడో చెప్పాక గానీ మాట ముందుకి సాగదు.

ఆ వసంతంలో ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టారు. రాజధానిలో కంప్యూటర్ తెర ముందు కూర్చుని వంతెనలన్నీ తెరవచ్చని రోడ్ల శాఖవాళ్లకి తోచింది. దానికి ఊతం మా యార్డులోనే దొరికింది. టెక్సాస్ స్టార్టప్ ఒకటి యార్డుని కొని, మనిషి లేకుండా తనంతట తానే నడిచే ఓడలు నేవీ కోసం కడుతోంది. మొదటి ఓడ సముద్రానికి వెళ్లే రోజున వంతెనతో అదే మాట్లాడుతుందట. ఆ మాటలు సజావుగా సాగితే వంతెన వైపు కూడా మనిషి అక్కర్లేదు. నెలాఖరుకి ఒడాలీ ఇంటికి. ఇది ఊరంతటికీ తెలుసు.

ముందురోజు స్టార్టప్ ఇంజనీరు గ్రాంట్ హాలోవే ఆమె గదికి వచ్చాడు.

"మేడమ్, మీరు ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు. రోజూ ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి."

"అచ్చం అలాగేనా?"

"అచ్చం అలాగే. మా ఓడ నాలుగు వేల గంటల రేడియో మాటలు విని నేర్చుకుంది."

పాపం, ఆ నాలుగు వేల గంటల్లో మా బయూ ఒక్క గంట కూడా లేదు.

మర్నాడు పొద్దున పదింటికి గట్టంతా తిరునాళ్లలా ఉంది. తెల్ల యూనిఫారాల్లో నేవీ అధికారులు, టై కట్టుకున్న రోడ్ల శాఖాయన, వేడి సాసేజీలు కొరుకుతూ వెల్డర్లూ పెయింటర్లూ. యార్డు యూనియన్ తరఫున నేనూ ఉన్నాను. కిటికీలు లేని బూడిదరంగు ఓడ మెల్లగా వచ్చి వంతెన ముందు ఆగింది. రేడియో మాటలు అందరికీ వినబడేలా గట్టు మీద మైకు పెట్టారు. అందులో ఓడ ఆడగొంతుతో పలికింది.

"వంతెన తెరవవలసిందిగా కోరుతున్నాను."

"అలాగే తల్లీ. ఎవరి పిల్లవే నువ్వు?" అంది ఒడాలీ.

ఓడ కాస్త ఆలోచించింది. "అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి."

"మీ అమ్మ ఎవరే?"

"అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి."

"చెవుడు కాబోలు. ఇంటిపేరు చెప్పమ్మా. బుర్కుల పిల్లవా, రోమెరోల పిల్లవా?"

"నా పొడవు నూట యాభై అడుగులు," అంది ఓడ.

"పొడవెవరడిగారే. ఇంత పిల్లవి యుద్ధాలకి పోతున్నావు, ఇంట్లో చెప్పే బయల్దేరావా?"

గట్టు మీద ఒక పెయింటరు నోట్లోంచి సాసేజి ఎగిరి బయటపడింది. ఆ తర్వాత నవ్వు ఎవరికీ ఆగలేదు. నేవీ అధికారి ఒకాయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

గ్రాంట్ చేతి రేడియో అందుకున్నాడు. "మేడమ్, ఊరికే సరే అనండి."

"ఎలా అంటాను బాబూ? నడిపే మనిషి పేరు రాయాలి."

"నడిపే మనిషి లేడండీ. అదే కదా మా గొప్ప."

"పోనీ, దీని మంచిచెడ్డలు చూసేదెవరు?"

"కంపెనీ."

"కంపెనీకి ఈత వచ్చా? మనిషి పేరు చెప్పు నాయనా."

గ్రాంట్ నేవీ అధికారుల వైపు చూశాడు. అప్పుడు క్లోవిస్ బాటిస్ట్ ముందుకొచ్చి అతని చేతిలోంచి రేడియో నెమ్మదిగా తీసుకున్నాడు. క్లోవిస్ ముప్పై ఏళ్లుగా ఆ యార్డులో కళ్లు కాల్చుకుంటున్న వెల్డరు.

"ఒడాలీ, అది నా పిల్లే. దాని అడుగంతా అతికింది నేను."

"ఇందాకే చెప్పి చావొచ్చుగా. క్లోవిస్ బాటిస్ట్. రాశాను."

"నేను లేనిదే దానికి ఒంటిమీద రంగెక్కడిది? నా పేరూ రాయి," అన్నాడు పెయింటరు.

ఇక రేడియో ముందు క్యూ కట్టారు. కేబుళ్లు లాగినవాళ్లు, క్రేను నడిపినవాళ్లు, నేల ఊడ్చే లుర్లీన్. ఒక్కొక్కరు పేరూ, తల్లి పేరూ చెబుతున్నారు. ఒడాలీ తల్లులందరి కుశలమూ అడుగుతోంది. వంతెన మీద కార్లు వినోదం చూడటానికి ఆగిపోయాయి. ఇప్పుడు తెరుద్దామన్నా ఖాళీ లేదు.

మనిషి లేని ఓడ అని కంపెనీ కరపత్రంలో లావు అక్షరాలతో వేసుకుంది. నలభై నిమిషాల్లో దానికి ముప్పై ఎనిమిది మంది మనుషులు తేలారు. వాళ్లలో ఒక్కరి పేరైనా ఆ కరపత్రంలో లేదు. చప్పట్లు కొట్టి కొట్టి నా అరచేతులు వాచాయి.

చివరికి కార్లు కదిలాయి, వంతెన తిరిగింది, ఓడ ధన్యవాదాలు చెప్పి సాగిపోయింది.

రోడ్ల శాఖాయన మెట్లెక్కి ఒడాలీ గదికి వెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను.

"రిపోర్టులో దీన్ని ఏమని రాయమంటారమ్మా?" అన్నాడు కాగితం తీసి.

"జరిగింది రాయండి. నడక బాగుంది, మాట రాదు."

ఆయన కిటికీలోంచి గట్టు వైపు చూశాడు. కింద ముప్పై ఎనిమిది మంది తలలెత్తి ఆయన్నే చూస్తున్నారు. వచ్చేది ఎన్నికల ఏడాది. ఆయన దయ మీద నాకేమీ భ్రమల్లేవు, పని చేసింది ఆ చూపులే. ఈ వంతెనకి మనిషి ఉండి తీరాలని అక్కడే రాసి సంతకం పెట్టాడు.

ఒడాలీ ఆ కాగితం రెండుసార్లు చదివింది. మడిచి చొక్కా జేబులో పెట్టుకుంది.

"జరగండి బాబూ, మీటకి అడ్డంగా నిలబడ్డారు. అవతల రొయ్యల పడవ వస్తోంది," అంది.