పుంతలో పాక

నా కారు గోదావరి రేవు దాకా పోవాలని, పుంతలో ఉన్న ఒక జాలరి పాకను అర్జీ పెట్టి తీయించాను. ఆ పాక అక్కడికి ఎలా వచ్చిందో ఇప్పుడు బతికున్నవాళ్ళలో అతనికీ, అతని భార్యకీ, నాకూ మాత్రమే తెలుసు. సర్వేయరు అడిగినప్పుడు నేను చెప్పలేదు.

పుంత అంటే మా వైపు చేల మధ్య బళ్ళు పోవడానికి వదిలిన సర్కారు దారి. ఎవరిదీ కాదు గనుక అందరూ కాస్త కాస్త కలుపుకుంటారు. ఇలాంటివి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చదివింది ఐదో తరగతే. మిగతాదంతా పేపర్లు చదివీ, రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడీ నేర్చుకున్నాను. ఊళ్ళో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వస్తారు. నా అర్జీకి సమాధానం రాకుండా పోదని పేరు. ఆ పేరంటే నాకు ఇష్టం కూడా.

నలభై ఏళ్ళుగా నాకున్న సరదా ఒక్కటే, గేలం. మా ఊరి పాత రేవులో రాతి మెట్ల పక్కన నీళ్ళలోకి వంగిన తుమ్మచెట్టు ఉంది. దాని వేళ్ళ దగ్గర వాలుగలు, జెల్లలు పడ్డట్టు నేను తిరిగిన చోట ఇంకెక్కడా పడలేదు. మొదట సైకిలు మీద వెళ్ళేవాణ్ణి, తరవాత మోపెడ్ మీద. మోకాలికి ఆపరేషన్ అయ్యాక రెండు చక్రాల బండి ఎక్కొద్దన్నారు డాక్టరు గారు. ఎవరో వాడిన చిన్న కారు ఒకటి తెచ్చుకుని, దారి వెతకడం మొదలుపెట్టాను.

మెయిన్ రోడ్డున లాకుల వంతెన మీదుగా వెళ్తే పద్నాలుగు కిలోమీటర్లు. కడియం మొక్కల లారీ ఒకటి ముందు దొరికిందంటే దాని కొమ్మలు చూసుకుంటూ పోవాలి. స్పీడ్ బ్రేకర్లు తొమ్మిది. అంతా పోయి ఏటిగట్టు మీద దిగితే, అక్కణ్ణించి అరటితోటల్లో అరగంట నడక. నడవగలిగితే కారెందుకు? కాలవ గట్టు మీదుగా దగ్గర దారి ఉందని ఫోను చెప్పింది. అందులో అమ్మాయి కుడివైపు తిరగమన్నచోట కల్వర్టు కూలిపోయి, మనుషులు దాటడానికి రెండు వెదురు బొంగులు వేసి ఉన్నాయి. ఆ అమ్మాయిని నాలుగు తిట్టి వెనక్కి తిప్పుకుంటే, గడ్డి ట్రాక్టరు ఎదురొచ్చింది. దానికి చోటివ్వబోయి ఒక చక్రం గట్టు కిందికి జారింది. నలుగురు మనుషులు ఎత్తి పెట్టారు. ఇక మిగిలింది పుంత. మా ఇంటి వెనక నుంచి రేవు మెట్ల దాకా రెండున్నర కిలోమీటర్లు, తిన్నగా. చివర, మెట్లకి వంద గజాల ఇవతల మాత్రం ఆ పాక. దాని పక్క నుంచి మోపెడ్ పట్టేది. కారు పట్టదు.

పాకలో ఉండే జాలరీ, నేనూ ఒక ఈడు వాళ్ళం. నేను నువ్వు అంటాను, అతను నన్ను అబ్బాయిగారూ అంటాడు. మా నాన్న ఉన్నప్పటి పిలుపు అది, డెబ్భై దాటినా మారలేదు. ఆ పాకలో వలలూ, పడవ సామానూ పెట్టుకుని, ముందు వసారాలో మొగుడూ పెళ్ళాం ఉండేవాళ్ళు. నా గేలానికి జెల్ల పడితే ముల్లు గుచ్చుకోకుండా తీసిపెట్టేది అతనే. ఎర అయిపోతే వానపాములు తవ్వి ఇచ్చేది ఆవిడే.

పాక కాస్త పక్కకి జరపమని నేనే వెళ్ళి అడిగాను. అతను వల అల్లుతూ నవ్వాడు.

"ఎక్కడికి జరపమంటారండి? ఇటు చేను, అటు బోదె కాలవ. కారు ఇక్కడే ఆపండి. కుర్చీ, గేలాలు నేను మోసుకొస్తాను. మెట్ల దగ్గర చెయ్యి కూడా పట్టుకుంటాను."

లోపలి నుంచి ఆవిడ అందుకుంది. "గట్టిగా పట్టుకోవయ్యా. కాలు జారితే గోదాట్లో చేపలే అబ్బాయిగార్ని పట్టుకుపోతాయి."

వాళ్ళు ఎప్పుడూ ఆడే వేళాకోళమే. ఆ రోజు మాత్రం నాకు పడలేదు. నా చెయ్యి ఒకరు పట్టుకోవడం ఏమిటి? ఆ మధ్యాహ్నమే కూర్చుని మూడు పేజీల అర్జీ రాశాను. ప్రభుత్వ పుంతను ఆక్రమించి రైతుల రాకపోకలకు అడ్డు తగులుతున్నారని. రైతులెవరూ నన్ను రాయమనలేదు. గ్రామ పటం నకలు సంపాదించి, పుంత మీద ఎర్ర పెన్సిలుతో గీత గీసి జత చేశాను. అక్షరం తప్పు లేదు, సెక్షను తప్పు లేదు.

రెండు నెలలకి సర్వేయరు వచ్చాడు. ఎండలో కొలతలు పూర్తిచేసుకుని, కుర్రాడైనా పద్ధతిగా అడిగాడు, ఈ పాక ఎప్పట్నించి ఉంది, ఎవరైనా వేసుకోమన్నారా అని. ఎవర్ని అడిగాడో తెలియదు, పాక ముందు నిలబడ్డ మా ఇద్దరినీ చూసి అడిగాడు.

నాకు అన్నీ గుర్తుంటాయని ఊరంతా చెప్పుకుంటారు. నిజమే. నాకు మీసాలు వస్తున్న వయసులో పెద్ద వరద వచ్చి, గోదావరి గట్టు కోసుకుంటూ రేవు పక్కనున్న జాలర్ల ఇళ్ళ వరసంతా తీసుకుపోయింది. మిగతావాళ్ళు తలో దిక్కూ పోయారు. అతని తండ్రి మాత్రం పడవ వదిలి రానన్నాడు. మా నాన్న, మరో నలుగురు పెద్దలు ఆ పుంత చివర నిలబడి, బళ్ళు ఎటూ రేవు దాకా పోవడం లేదు, ఉన్నన్నాళ్ళూ ఇక్కడే ఉండండి అన్నారు. వెదుళ్ళు మా దొడ్లోవే. నేనూ అతనూ చెరో చివరా భుజాన పెట్టుకుని మోశాం. మొదటి గుంజ పాతేటప్పుడు నిలువుగా పట్టుకున్నది నేను, మట్టి తొక్కింది అతను.

అదంతా ఆ నిమిషంలో నా కళ్ళ ముందు ఉంది. నేను సర్వేయరుతో, "నా చిన్నతనంలో ఇందులో బళ్ళు తిరిగేవండి" అన్నాను. అబద్ధం కాదు. జాలరి నా మొహంలోకి చూశాడు. నేను పటంలోకి చూశాను. 

నోటీసు వచ్చాక, కూల్చే మిషను రాకముందే పాక వాళ్ళే విప్పుకున్నారు. పడవ ఎవరికో ఇచ్చేసి, మొగల్తూరు అవతల కూతురి ఇంటికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మా ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళారట. నేను ఇంట్లోనే ఉండి, లేనని చెప్పించాను.

మొదటి రోజు కారులో ఎనిమిది నిమిషాల్లో రేవు చేరాను. గుంజలు పీకిన గోతుల్లో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. ముందు చక్రం ఒకదాంట్లో పడి లేచింది. ఆ పూట జెల్ల పడింది. తీయబోతే ముల్లు అరచేతిలో దిగి, రెండు రోజులు చెయ్యి వాచింది. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పుంత సాధించావని మెచ్చుకున్నారు. మరో నాలుగుసార్లు వెళ్ళి మానేశాను.

అన్నాళ్ళూ నేను ఒక్క మాట పట్టుకుని వేలాడాను. అతను ఎందుకు నోరు విప్పలేదు? ఫలానా వారి నాన్నగారే వేసుకోమన్నారని అంటే, నేను కాదనగలనా? చెప్పుకోవడం చేతకాకపోతే నా తప్పా? ఇలా అనుకున్నప్పుడల్లా కాసేపు కోపం వచ్చేది, కోపం ఉన్నంతసేపూ బాగానే ఉండేది. ఆ మాటే అతనికి ఫోను చేసి రెండుసార్లు అడిగాను. ఒకసారి సిగ్నల్ లేదన్నాడు. రెండోసారి భోజనం చేశారా అని అడిగి, ఫోను ఆవిడకిచ్చాడు.

చివరికి ఇంకో అర్జీ రాశాను, మొదటిసారి వదిలేసినదంతా పెట్టి. తహసీల్దారు గారు చదివి, ముందే చెప్పాల్సిందండి, అక్కడ మళ్ళీ వేయనివ్వడం కుదరదు అన్నారు. ఆ నకలు జేబులో పెట్టుకుని, మొన్న మాఘమాసంలో మొగల్తూరు బయల్దేరాను. సిద్ధాంతం, మార్టేరు, పాలకొల్లు, నరసాపురం. ఏ దారి దగ్గరో ఎవర్నీ అడగలేదు.

అతను కూతురి ఇంటి అరుగు మీద ఎవరివో వలలు బాగుచేస్తున్నాడు. అర్జీ మొత్తం చదివి వినిపించాను. ఏటిగట్టు పక్క మా చేను మూల ఉంది, అక్కడ పాక వేసుకోండి, కాగితం రాసిస్తాను అన్నాను. ఆవిడ టీ గ్లాసు నా పక్కన పెట్టి, "అక్కడిప్పుడు కార్లు తిరుగుతున్నాయంట కదండీ" అని లోపలికి వెళ్ళిపోయింది. అతను వల అల్లే దారపు కండె తిప్పుతూనే ఉన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. అప్పటికీ నాకు అదే కావాలి. ఆ రోజు నువ్వు సర్వేయరుకి ఎందుకు చెప్పలేదు అని మూడోసారి అడిగాను. అతను కండె పక్కన పెట్టాడు.

"గుంజ పట్టుకున్నోరు మీరే కదండీ అబ్బాయిగారూ. పక్కనే నిలబడి ఉన్నారు. మీరు చెప్తారని చూశానండి."