నలభై పాయింట్ల డెల్బర్ట్

డెల్బర్ట్ హాస్కిన్స్‌కు ఉన్నది ఒక్కటే జబ్బు. కెల్సన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఎవరితో ఆడినా సరే, నలభై పాయింట్ల తేడాతో గెలుస్తుందంటాడు. పళ్ల డాక్టరు నోట్లో పనిముట్లు పెట్టి ఎలా ఉందని అడిగితే, మూలుగుతూనే నాలుగు వేళ్లూ, ఒక సున్నా చూపించాడు. పెళ్లి రోజున పాస్టరు “సమ్మతమేనా?” అంటే “సమ్మతమే. శనివారం నలభైతో కొడతాం” అన్నాడు. పెళ్లికూతురు ఆర్డిస్ ఆ క్షణంలోనే వెనక్కి తిరిగి వెళ్లిపోవాల్సింది. అప్పటికే ఉంగరం తొడిగేశారు.

నదికి అవతలి ఒడ్డున ఐవర్ టోర్గర్సన్ ఉంటాడు. రంపపు మిల్లులో పనిచేసి మానేసిన ముసలాయన. రాథ్‌బర్న్ కాలేజీ భక్తుడు. ఎర్ర టోపీ స్నానానికి తప్ప తియ్యడు. ఏటా కెల్సన్, రాథ్‌బర్న్ తలపడే వారం డెల్బర్ట్ ఆయన కంచె దగ్గర వాలిపోయేవాడు.

“ఏం ముసలాడా, ఈసారి నలభై తేడా. కాకపోతే నీ చలికాలం కట్టెలన్నీ నేనే కొడతా.”

“ఒకవేళ నలభై అయితే?”

“మా నీలం టోపీ పెట్టుకుని ఊరంతా తిరగాలి.”

“నీ మొహం. రాసి పెట్టుకో, గొడ్డలికి పదును పెట్టుకో.”

కెల్సన్ చాలాసార్లు గెలిచేది. మూడుతోనో, పదితోనో. ఊళ్లో అందరూ కారు హారన్లు మోగిస్తుంటే డెల్బర్ట్ మాత్రం గొడ్డలి భుజాన వేసుకుని వంతెన దాటేవాడు. జట్టు గెలిచినా ఓడిపోయే మొనగాడు ప్రపంచంలో వీడొక్కడే అని కాఫీ హోటల్లో విరగబడి నవ్వేవారు. ఆర్డిస్ తిడుతూనే ఇద్దరికి సరిపడా భోజనం కట్టేది. “ఒక్కసారి పది అని చావొచ్చు కదా?” అంటే డెల్బర్ట్‌కు చెవులు వినబడేవి కావు.

ఇంతలో కెల్సన్ కాన్ఫరెన్స్, అంటే తను ఆడే జట్ల గుంపు, మారుతోందని వార్త వచ్చింది. ఏటా తమలో తాము ఆడుకునే చుట్టుపక్కల కాలేజీల గుంపును వదిలేసి, సముద్రపు ఒడ్డు పెద్ద జట్ల గుంపులో చేరుతోంది. ఇక టీవీలో దేశమంతా చూస్తుంది. రాథ్‌బర్న్ మాత్రం పాత గుంపులోనే ఉండిపోతుంది. వీధులన్నీ నీలం జెండాలతో నిండిపోయాయి. డెల్బర్ట్ ఇంటి మీద మాత్రం జెండా లేదు.

సోమవారం వెళ్లి యూనివర్సిటీ క్రీడల డైరెక్టరు గదిలో కూర్చున్నాడు.

“రాథ్‌బర్న్‌తో ఆట ఉంచండి.”

“డెల్బర్ట్ గారూ, వాళ్లిప్పుడు వేరే గుంపు. మాకు ఖాళీ శనివారాల్లేవు.”

“ఉంచండి.”

“మీరు సంతోషించాలి సార్. మనం ఎంత ఎదిగామో చూడండి.”

“చూశాను. ఆట ఉంచండి.”

మళ్లీ సోమవారం వెళ్లాడు. ఆ పై సోమవారం కూడా. గుమస్తా ఆయన కోసం విడిగా కాఫీ కప్పు పెట్టింది గానీ ఆట మాత్రం దొరకలేదు. చివరికి తోడు వెళ్లిన ఆర్డిస్ ట్రక్కులో నిలదీసింది.

“ఆ ముసలాయన్ని ఓడించకపోతే నీకు అన్నం అరగదా?”

డెల్బర్ట్ స్టీరింగ్ మీద చేతులు పెట్టాడు. “మిల్లులో దెబ్బ తగిలిన దగ్గర్నుంచి ఆయన కుడి భుజం లేవదే. ఓసారి ఊరికే ఓ బండి కట్టెలు దింపి వచ్చా. తిరిగి తెచ్చి మన వాకిట్లోనే పోసి, ఎవడికిరా నీ జాలి అన్నాడు. అదే పందెం కట్టెలైతే కుర్చీ వేసుక్కూర్చుని, సన్నగా చీల్చరా అని తిడుతూ మరీ కొట్టించుకుంటాడు.”

“అందుకా నలభై?”

“మొదట ఇరవై అన్నా. ఆ ఏడు మనవాళ్లు ఇరవై నాలుగుతో గెలిచి నా కొంప ముంచారు. చలికాలమంతా ఆయన పొగగొట్టంలో పొగే సరిగా లేదు.”

ఆర్డిస్‌కు ఇన్నేళ్లూ తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. “అయితే కొత్త జట్లతో ఆటకే కాయి ఆ నలభై పందెం. సముద్రపు వాళ్లు మనల్ని ఉతికి ఆరేస్తారుగా” అంది.

ఐవర్ ముందు ఒప్పుకోలేదు. “నా జట్టు లేని ఆటకు నాకేం పని?”

“భయమా ముసలాడా?”

“భయమా? నువ్వంటే నాకా? కట్టు పందెం.”

ఆ శనివారం జరగకూడనిది జరిగింది. సముద్రపు జట్టులో బంతి విసిరే కుర్రాడికి మొదట్లోనే కాలు బెణికింది. కెల్సన్ తేడా పద్నాలుగైంది, ఇరవై ఎనిమిదైంది, ముప్పై అయిదైంది. టీవీ ముందు మొగుడూ పెళ్లాలు చేతులు పట్టుకుని కూర్చున్నారు.

“ఇక ఆపండర్రా, చాలు” అన్నాడు డెల్బర్ట్.

ఆఖరి నిమిషంలో ఓ నీలం చొక్కా కుర్రాడు బంతి లాక్కుని పరుగు తీశాడు.

“పడిపోరా నాయనా, నీకు పుణ్యముంటుంది” అని ఆర్డిస్ దణ్ణం పెట్టింది. వాడు పడలేదు. తేడా నలభై రెండు. ఊరంతా హారన్లు. డెల్బర్ట్ జన్మలో మొదటిసారి నలభై పందెం గెలిచి, మొహం చేతుల్లో దాచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఐవర్ ట్రక్కు వాకిట్లో ఆగింది. ఎర్ర టోపీ మీద నీలం టోపీ తగిలించుకుని దిగాడు ముసలాయన.

“ఊరంతా తిరిగొచ్చా. చర్చి ముందు రెండుసార్లు. పందెం చెల్లిపోయింది” అన్నాడు.

“చెల్లిపోయింది” అన్నాడు డెల్బర్ట్ నీరసంగా.

“ఇక వచ్చే శనివారం సంగతి. పందెం ఈసారి నేను కడతా. మీవాళ్లు యాభై తేడాతో గెలవాలి. గెలవలేదో, గొడ్డలి పట్టుకుని వచ్చెయ్.”

“యాభైయా? ఎందుకూ?”

ఐవర్ నీలం టోపీ తీసి డెల్బర్ట్ నెత్తిన పెట్టాడు. “ఎందుకేమిట్రా? నలభై మీద ఇక నాకు నమ్మకం పోయింది.”

ముసలాయన ట్రక్కెక్కుతూ గుమ్మంలో ఉన్న ఆర్డిస్ వైపు తిరిగి, “అమ్మాయ్, కిందటేడు భోజనంలో ఉప్పు తక్కువైంది, ఈసారి చూసుకో” అన్నాడు.

“అరవై అనండి ఐవర్ గారూ” అంది ఆర్డిస్. “ఈ జట్టును అస్సలు నమ్మలేం.”