రెండు సీట్ల కారుకు నాలుగు టైర్లు

"ఏమే, ముందర టైరు నున్నగయిందే. ఒకసారి సూడు."

"నీ గుండు కన్నా నున్నగుండాదా? ఇంకో నాలుగు లోడ్లకు వస్తాదిలే, పో."

మా ఆయనా నేనూ చివరగా ఆడుకున్న మాటలివి. ఆయన తల తడుముకుని నవ్వాడు. టమాటాల లోడుతో పలమనేరు నుంచి చిత్తూరుకు బయలుదేరాడు. బయలుదేరినప్పుడు మంచి ఎండ. మొగిలి ఘాట్ దిగేటప్పుడు వాన. పద్దెనిమిదేళ్లయింది. అడ్డమొచ్చిన లారీని తప్పించబోయి పోయాడని అందరికీ చెప్పుకున్నాను. ఏ లారీ అడ్డం రాలేదు.

నేను చెప్తుంటే ఆయన చెల్లెలు సరోజ రాస్తోంది. బడిలో పిల్లల చేత అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి. నాకు అంకెలు తప్ప చదవడం రాదు. ఇప్పుడు రాయడం ఆపి నా ముఖం చూస్తోంది. రాయి సరోజా. ఇది టైర్ల కోసం తిరుపతికి పోయొచ్చిన కథ. రేపు ఎవరైనా అదే పని మీద పోతే వాళ్లకు పనికొస్తుంది.

ఆయన పోయిన ఆరు నెలలకు బైపాస్ పక్కన పంచర్ల అంగడి పెట్టాను. లారీ, ట్రాక్టరు, పాల వ్యాను, అన్నిటి టైర్లూ విప్పాను. విప్పిన ప్రతి టైరునూ ముందు చేత్తో తడిమి చూస్తాను. ఎందుకో ఎవరూ అడగలేదు.

మా జ్యోతిని బెంగళూరులో ఉద్యోగం చేసే కిషోర్‌కు ఇచ్చాను. మంచివాడు. తాగడు, అరవడు. కారు కొన్నాడు. రెండే సీట్లు, పైన గుడ్డ టోపీ, మొత్తం కలిపి రెండు పాడి ఆవుల బరువు. "బరువు తక్కువుంటేనే మజా అత్తా" అన్నాడు. బరువు తగ్గించడానికి ఏమేం తీసేశారా అని చూశాను. వెనక సీటు తీసేశారు, స్టెప్నీ తీసేశారు, అత్తగారిని తీసేశారు.

ఆ కారుకు రోడ్డును బంకలా పట్టుకునే టైర్లు కావాలట. చెన్నై దగ్గర కార్లను గుండ్రంగా తిప్పే మైదానం ఒకటుంది. డబ్బు కట్టి లోపలికి పోతారు, బయలుదేరిన చోటికే మహా వేగంగా వచ్చి, మళ్లీ బయలుదేరుతారు. అల్లుడు ఏడాదికి రెండు ఆదివారాలు అక్కడ తిరుగుతాడు. మిగతా రోజులు ఆ కారు మా మొగిలి ఘాట్ ఎక్కి దిగాలి, పక్క సీట్లో నా కూతురితో. తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీద ఒక అంగడివాళ్లు మూడు రకాలు తెప్పించి పెట్టామన్నారు. "అమ్మా, నువ్వు రా. ఈయన్ని పట్టేవాళ్లు లేరు" అని జ్యోతి ఫోన్ చేసింది. కారులో చోటు లేదు కాబట్టి నాకు బస్సు.

ఉదయం ఐదున్నరకు పలమనేరు బస్టాండులో తిరుపతి ఎక్స్‌ప్రెస్. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు సున్నా రూపాయల టిక్కెట్టు. కార్డు మరవకండి. బస్సు ఘాట్ దిగేటప్పుడు నేను ఎప్పటిలాగే కళ్లు మూసుకున్నాను. బంగారుపాళ్యంలో ఒకామె పూలగంపతో ఎక్కి నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతావుండావక్కా? తిరుపతికేనా?"

"ఆ, తిరుపతికే."

"దర్శనం టిక్కెట్టు దొరికిందా?"

"దర్శనానికి గాదు. టైర్లకు."

ఆమె కాసేపు ఆలోచించింది. "తులాభారమా అక్కా? మా పక్కూర్లో బెల్లంతో ఇచ్చినారు. టైర్లతో ఇస్తారని ఇనలేదే!"

ఆరూ ముప్పావుకు చిత్తూరు. బస్సు పది నిమిషాలు ఆగుతుంది, ఇడ్లీకి సరిపోతుంది, వడకు సరిపోదు. చంద్రగిరి దాటి ఏడుకొండలు కనిపించగానే బస్సంతా లేచి గోవిందలు కొట్టింది. డ్రైవరు కూడా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అంతసేపూ బస్సును టైర్లే చూసుకున్నాయి.

తొమ్మిది కాకముందే నేను అంగడి దగ్గర ఉన్నాను. తొమ్మిదికి రావలసిన వేగం కారు పదిన్నరకు వచ్చింది. దాని కడుపు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉంది. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిచోటా జ్యోతి దిగి, వంగి చూసి, "రా రా" అని చెయ్యూపి, మళ్లీ ఎక్కిందట. బెంగళూరు నుంచి తిరుపతికి నా కూతురు సగం నడిచే వచ్చినట్టు లెక్క.

అంగడి అద్దాల గది. లోపల చలి. టై కట్టుకున్న అబ్బాయి మూడు టైర్లను ముఖమల్ గుడ్డ మీద నిలబెట్టాడు. మొదటిదానికి రెండు సన్నటి గీతలు, మిగతాదంతా నున్నన.

"ఇది కొత్తదేనా?" అన్నాను.

"బ్రాండ్ న్యూ మేడం. ఎండలో దీనికి సాటి లేదు. బల్లి గోడను పట్టినట్టు పడతాది."

మేము ఏళ్ల తరబడి తిప్పి, అరగదీసి సాధించే నున్నదనాన్ని వీళ్లు ఫ్యాక్టరీలోనే చేసి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. బొటనవేలి గోరు గుచ్చి చూశాను. మామిడి తాండ్రలో దిగినట్టు దిగింది. నిజం చెప్పాలి, అంత మెత్తటి రబ్బరు నా అంగడికి ఎన్నడూ రాలేదు. కిషోర్ కూడా గోరు గుచ్చి, పసిపిల్ల బుగ్గ తాకినట్టు మురిసిపోయాడు.

నేను మూడోదాని దగ్గరకు పోయాను. లోతైన గాడులు, ఎత్తైన గుబ్బలు. "ఇదే టైరు. దీన్ని వెయ్యండి" అన్నాను.

వెనక షెడ్డులోంచి ఒక పెద్దాయన చేతిలో లివరుతో వచ్చి వింటున్నాడు. దేవదానం, అక్కడ టైర్లు బిగించే మనిషి. "అక్కా, లారీకైతే నువ్వు చెప్పిందే రైటు" అన్నాడు. "ఈ కారు గాలిపటం గదా. అంత ఎత్తు గుబ్బలుంటే మలుపులో ఊగే పన్ను మాదిరి కదుల్తాయి. స్టీరింగు ఒకటి చెప్తాది, టైరు ఇంకోటి ఇంటాది."

ఇన్నేళ్లుగా టైర్లతోనే బతుకుతున్న నాకు ఆ మాట తట్టలేదు. ఒప్పుకున్నాను. అల్లుడు సంబరంగా నవ్వాడు. దేవదానం అతనివైపు తిరిగాడు.

"నవ్వొద్దు సార్. మీరు మెచ్చిందేమో కొడవలి పిడికి పోసే లక్క మాదిరి, కాగితేనే అంటుకుంటాది. మీ కారు బరువుకు అది ఊరిరోడ్డు మీద యాడ కాగుతాది? వానొస్తే నీళ్లు పోయేదానికి టైరులో దారి లేదు, నీళ్లను తొక్కేదానికి కారులో బరువు లేదు. తేలిపోతారు. నడిమిది సూడండి. రబ్బరు మెత్తనే, సుట్టూ నాలుగు కాలవలుండాయి. ఎండలో దానికన్నా ఒక మెట్టు కింద, వానలో నాలుగు మెట్లు పైన. ఎడల్పు కూడా పెంచొద్దు, ఉండే సైజే మేలు."

"వానొస్తే నేను కారే తియ్యనన్నా. ఫోన్‌లో సూసుకోనే బయల్దేరేది" అన్నాడు కిషోర్. ఫోన్ తీసి ఏదో వాట్సాప్ గుంపుకు ఫోటోలు పంపాడు. ఇరవై మంది ఉన్నారట. ఐదు నిమిషాల్లో పదహారు మంది నున్నటి టైరుకే ఓటేశారు. ఆ పదహారు మందిలో ఇలాంటి కారు ఎంతమందికుందని అడిగాను. ఇద్దరికట. మిగిలినవాళ్లకు అభిప్రాయాలున్నాయి.

"మొదటిదే వేసేయండి" అన్నాడు.

నేను ఇక ఉన్న మాటే చెప్పాను.

"మీ మామ బయల్దేరినప్పుడు పలమనేరులో ఎండే నాయనా. లారీ అడ్డం రాలేదు. ముందర టైరు నున్నగుండాదని ఆయనే సూపించినాడు. వస్తాదిలే పో అన్నింది నేను."

టై అబ్బాయి రిమోట్ తీసుకుని ఏసీ తగ్గించాడు, ఎందుకో. జ్యోతి నా దగ్గరికి వచ్చింది.

"నాయన టైరు సూపించినాడా?"

"సూపించినాడు."

"నువ్వు సూసినావా?"

"సూడలేదు. పొయ్యి మీద పాలుండాయి."

జ్యోతి మొగుడి చేతిలోంచి ఫోన్ తీసుకుని సంచిలో వేసుకుంది. "పెద్దాయనా, నడిమిది వేసేయండి" అంది.

"నాలుగూనా?" అన్నాడు కిషోర్.

"వద్దు. నేను కూర్చునే పక్క రెండు చాలు."

నాలుగూ వేశారు. బిగించే ముందు టైరు పక్కన నాలుగంకెలు చూసుకోండి. మొదటి రెండు ఎన్నో వారమో, తర్వాతి రెండు ఏ ఏడో చెప్తాయి. మెత్తటి రబ్బరు తిరగకపోయినా ముసలిదవుతుంది. మాకు తెచ్చిన నాలుగింటిలో ఒకటి మిగిలినవాటికి మూడేళ్ల పెద్దక్క. మార్పించాను. కొత్త టైరు పైపొర అరిగేదాకా జారుతుందనీ, మొదట మెల్లగా పోవాలనీ దేవదానం చెప్పాడు.

మెల్లగా పోవడానికి కొండను మించిన దారి లేదు. కొత్త టైర్లకు పూజ చేయించాలని తిరుమలకు బయలుదేరాం. "నువ్వు కారులో కూర్చో" అని జ్యోతి నా ముఖం చూడకుండానే బస్సెక్కింది. అలిపిరి దగ్గర టైము వేసిన చీటీ ఇస్తారు. అనుకున్న నిమిషాల కన్నా ముందు పైకి చేరితే జరిమానా. తొందరగా వచ్చినందుకు శిక్ష వేసే దారిలో, తొందరగా పోవడానికి కొన్న టైర్ల మీద, ఒక బస్సు వెనకాల పొగ మింగుతూ ఎక్కాం. ఆ బస్సులోనే జ్యోతి ఉంది. పైన నిమ్మకాయలు తొక్కించాం. టైర్లు తొక్కి వదల్లేదు, నిమ్మతొక్కలు, పూలు, కుంకుమ, ఎవరిదో తెగిన చెప్పు పట్టీ, అన్నీ అంటించుకున్నాయి. "సూసినావా అత్తా, గ్రిప్పు!" అన్నాడు అల్లుడు. గుడి ఎదుట అఖిలాండం దగ్గర కొబ్బరికాయ కొట్టి, దూరం నుంచే గోపురానికి మొక్కి, కిందికి దిగేసరికి మూడు.

మూడున్నరకు తిరుగు బస్సు. "నేను అమ్మతో వస్తా, నువ్వు పలమనేరులో ఆగు" అని కిషోర్‌ను ముందు పంపేసింది జ్యోతి. చిత్తూరులో ఉడికించిన శనక్కాయలు కొనింది, పొట్లం మా ఇద్దరి మధ్యా పెట్టింది. ఇద్దరమూ తిన్నాం. బంగారుపాళ్యంలో నాలుగు చినుకులు పడ్డాయి, మొగిలి దగ్గర వాన దంచింది. ఫోన్‌లో చూసుకునే బయలుదేరుతానన్నవాడు ఘాట్ మీద ఎక్కడో ఉన్నాడు.

"సరోజత్తకు తెలుసా?" అంది జ్యోతి.

"తెలీదు."

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా."

ఈసారి నేను కళ్లు మూసుకోలేదు. రెండో మలుపు తిరగగానే రోడ్డు పక్కన ఎర్రదీపాలు కొట్టుకుంటూ ఆ చిన్న కారు. జ్యోతి సీట్లోంచి లేచింది. "ఆపన్నా! బస్సు ఆపన్నా!" ఆ అరుపు నేను పద్దెనిమిదేళ్లుగా నా గొంతులోనే ఉంచుకున్న అరుపు.

కారు తిన్నగానే నిలబడి ఉంది. నాలుగు టైర్లూ రోడ్డు మీదే ఉన్నాయి. పైనున్న గుడ్డ టోపీ కొక్కేలు ఊడి, జెండాలా ఎగురుతోంది. కిషోర్ ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో సీట్లోంచి నీళ్లు తోడుతున్నాడు. మమ్మల్ని చూసి కేకేశాడు. "టైర్లు సూపరత్తా! ఒక్కసారి కూడా జార్లేదు!"

"టైర్లు సరే సార్, నెత్తికి కూడా ఏమన్నా కొనుండాల్సింది" అన్నాడు కండక్టరు.

నా సంచిలో టార్పాలిన్ ముక్క ఉంది, పంచర్ల అంగడివాళ్లకు అది ఉంటుంది. జ్యోతి దాన్ని తీసుకుని దిగి, కారుకు కప్పి కట్టి, తడిసిన సీట్లో మొగుడి పక్కన కూర్చుంది. పలమనేరు దాకా ఆ కారు మా బస్సు వెనకే వచ్చింది. నేను చివరి సీటుకు మారి, వెనక అద్దంలోంచి దాని రెండు దీపాలనూ చూస్తూ కూర్చున్నాను. కండక్టరు ముందు సీటు ఖాళీగా ఉందని పిలిచాడు. పోలేదు.

ఇదీ మా తిరుపతి ప్రయాణం. పోయేవాళ్లు పోండి. ఇడ్లీ చిత్తూరులో తినండి, గోరు గుచ్చి చూడండి, అంకెలు చదవండి, బిగించే మనిషిని అడగండి, గుంపును అడగకండి.

ఇది జరిగి వారమైంది సరోజా. నీకు చెప్పాలని మూడుసార్లు నీ ఇంటికి వచ్చాను. మూడుసార్లూ పెరుగు తోడు అడిగి తెచ్చుకున్నాను. నీకని చెప్పలేక, ఎవరికో చెప్తున్నట్టు రాయమన్నాను. మీ అన్న సంగతి నీ చేతే రాయించాను, తప్పే. తిట్టేది ఉంటే తర్వాత తిట్టు. ఇప్పుడు మొత్తం చదివి వినిపించు, మెల్లగా. నాకు చదవడం రాదు కదా, నా మీద జాలిపడి ఎక్కడైనా మార్చి రాశావేమో తెలియాలి.