సందు వదిలిన బండలు

మా అమ్మాయి ఏ.ఎస్. రావు నగర్‌లో ఇల్లు కట్టుకుంటోంది. మొన్న అక్కడికి వెళ్ళేసరికి షాబాద్ బండలు కోస్తున్నారు. నీళ్ళు తగిలితే ఆ సున్నపురాయి ఒక చల్లని వాసన వేస్తుంది. కొత్తకుండ నీళ్ళ వాసనకు అక్క వరస. నాలుగో తరగతిలో బడి నన్ను వదిలేసింది, నేనూ దాన్ని బతిమాలలేదు. అప్పటినుంచి బండలు పరవడమే నా చదువు. అయినా ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది నేను పరిచిన ఇళ్ళు కావు, కరుణమ్మ టీచరుగారి పెరట్లోని గొయ్యి.

నిజాం కాలం చివరి రోజుల్లో ఆమె మోండా మార్కెట్ వెనక మా పక్కింట్లో, వాళ్ళమ్మగారితో ఉండేవారు. పల్నాటి క్రైస్తవులు. ఆడపిల్లల బడిలో మొక్కల పాఠం చెప్పేవారు. వాళ్ళ ఊరి దగ్గర సున్నపురాతి గుట్టల మీద అడవి ఉందట. పెద్ద చెట్లను అందరూ తలెత్తి చూస్తారు, వాటి కాళ్ళ దగ్గర నీడలో బతికే చిన్నవాటిని ఎవరూ వంగి చూడరని ఆమె బాధ. ఒక సెలవుల్లో అక్కడినుంచి రకరకాల ఫెర్నులూ, నాచులూ, నాకు పేరు తెలియని ఆకుమొక్కలూ తడిగోనెలో చుట్టి తెచ్చారు.

"అంతదూరం ఆడపిల్లల్ని ఎవరు పంపిస్తారు మల్లేశూ? అందుకే అడవినే రప్పించాను" అన్నారు.

అడవికి మా సికింద్రాబాదు నచ్చలేదు. ఇక్కడిది గట్టిరాయి, ఎర్రమన్ను. సున్నం అందక మొక్కలు దిగులు పడుతున్నాయని ఆమె విరిగిన బండముక్కలు అడిగితే తెచ్చి మడిలో పేర్చాను. అయినా తేరుకోలేదు. చివరికి క్రిస్మస్‌కు గోడలకు వేయగా మిగిలిన సున్నం కలిపి పోశారు. ఆకులు మాడిపోయాయి.

"సున్నమేసినం టీచరమ్మా, ఇగ తోరణాలు గడ్దమా?" అన్నాను.

నా మాటకు ఆమె నవ్వకపోవడం అదే మొదలు. నిజాం రాజ్యం సరిహద్దు దాటి పల్నాడుకు రాకపోకలు ఆగిపోయిన రోజులవి. ఇవి పోతే మళ్ళీ తెచ్చుకునే దారి లేదు. ఒక్కో రకం రాలిపోతుంటే ఆమె బడికి వెళ్ళేముందు మడి దగ్గర వంగి, రాలిన ఆకును ఏరుకుని వెళ్ళేవారు.

అంతలో ఇండియా విమానాలొచ్చి బాంబులు వేస్తాయని పుకారు. వీధిలో తలా ఒక కందకం తవ్వుకున్నారు. టీచరుగారి పెరడంతా రాయి. పార దిగేది ఆ మడిలోనే. వాళ్ళమ్మగారు పట్టుబట్టారు. టీచరుగారు మిగిలిన మొక్కల్ని తన చేత్తోనే పెకిలించి, పైన ఉంటే తొక్కుడు పడతాయని, గొయ్యి అడుగున గోడవారగా బండముక్కల మధ్య ఒదిగించారు.

"మనకే జాగ లేకపాయె. బాంబు పడ్డంక ఆకులను చూస్కుంట కూసుంటరా?" అన్నాను, ఆ గోతిలో వాళ్ళ పక్కన ఇరుక్కుంటూ.

"ఆకుల్ని చూసుకునేవాళ్ళెవరూ బాంబులు వెయ్యరోయ్. కాస్త జరుగు."

మా మీద బాంబులు పడలేదు. కొద్ది రోజులకే నిజాం లొంగిపోయాడన్నారు, మిలిటరీ వచ్చింది, బజారులో మిఠాయిలు పంచారు. ఊళ్ళనుంచి వచ్చిన కబుర్లు మాత్రం అందరికీ మిఠాయిలా లేవు. వీధివాళ్ళు కందకాలు పూడ్చుకుంటున్నారు. నేనూ పార పట్టుకుని టీచరుగారింటికి వెళ్ళాను. ఆమె గోతిలో గొంతుక్కూర్చుని ఉన్నారు.

"పూడ్చకు! దిగు, దిగి చూడు."

మాడిన ఫెర్ను మొదట్లోంచి పిల్లితోకలా చుట్టుకున్న పచ్చని మొగ్గ లేచింది. పక్కన మరొకటి.

"నేనింత చదివి, వీటికి రాయి ఇచ్చాను గానీ లోతు ఇవ్వలేదు మల్లేశూ. అక్కడ వాన సున్నపురాయిని తిని గుంటలు చేస్తుంది. పైన ఎండ, గోడకు సగం నీడ, అడుగున తేమ. నెర్రెల్లో రాలిన ఆకు కుళ్ళి పిడికెడు మన్నవుతుంది. అడుగు లోతుకో వాతావరణం. అందుకే అన్ని రకాలు!"

"అంటే మా వాడకట్టు లెక్క. మిద్దె మీద సేటు, నడుమ మీరు, అడుగున మేము."

ఈసారి నవ్వారు. "అడుగున ఉన్నవాళ్ళే ఎక్కువ రకాలు, తెలుసా?"

గోతి గోడలకు బండముక్కలు పేర్చమన్నారు. చీమ దూరకుండా పరచడం నా గొప్ప. ఆమె ప్రతి సందులోనూ వేలు పెట్టి చూసి, "ఇక్కడ ఇంకాస్త వదులు. ఇది బతికేది నీ బండ మీద కాదు, నువ్వు వదిలిన చోట" అంటూ పేర్చిందల్లా విప్పించారు. చలికాలానికి బడిపిల్లలు వరసగా ఆ గోతిలోకి దిగారు. వాళ్ళు వంగి చూస్తుంటే టీచరుగారు గట్టుమీద నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.

మొన్న మా అమ్మాయి పెరట్లో మేస్త్రీ గోడవారన సందులకు సిమెంటు పెట్టబోతుంటే ఆపాను.

"సందు వదిల్తె గడ్డి మొలుస్తది పెద్దాయనా!"

"మొల్వనీ. గందుకే వదులుమంటున్న."

అతను మా అమ్మాయి వంక జాలిగా చూశాడు. నేను చెంబుతో ఆ సందులో నీళ్ళు పోశాను. అక్కడ ఎండ జాస్తిగా పడుతోంది. గోడ ఇంకో రెండు వరసలు లేపమన్నాను. గోడ మా అమ్మాయిది, నీడ నాది.