గుడ్డ చిక్కుకున్న రోజు

పొద్దున తొమ్మిదిన్నరకే అల్లుడు ఇంటికొచ్చాడు, మూత తీయని క్యారేజీతో సహా. పెద్దమేస్త్రి వరండాలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప ఇంకా నురుగులోనే ఉంది.

"ఏం అల్లుడూ, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది మావయ్యా. ఇవాళ తాడు తుడిచే వంతు నాది. గుడ్డ చిక్కుకుంది. వచ్చేశాను."

"తాడు దింపేశారా?"

"తాడెందుకు దింపుతారు? గండం నాకు కదా. నా బదులు చిన్నమావయ్య కొక్కెం కింద నిలబడ్డాడు."

చిన్నమావయ్య అంటే పెద్దమేస్త్రి సొంత తమ్ముడు. బ్లేడు చెంప మీదే ఆగిపోయింది.

ఇనుప దూలాలు ఎత్తి దించే ఆ యార్డులో పెద్దమేస్త్రి ముప్ఫై ఏళ్ళు పనిచేసి, మూడేళ్ళ కిందటే మానేశాడు. క్రేను తాడంటే వందలకొద్దీ సన్నని ఇనుప తీగల్ని మెలిపెట్టి చేసింది. అందులో ఒక్కో తీగే తెగుతూ వస్తుంది, కంటికి ఆనదు. పాతగుడ్డ చుట్టి తాడు పొడవునా లాగితే మాత్రం తెగిన తీగ గుడ్డను పట్టుకుంటుంది. మేస్త్రి అయిన కొత్తలో ఈ సంగతి అందరికీ విడమరిచి చెప్పాడు. అందరూ విన్నారు, తలలూపారు. ఒక్కడూ తుడవలేదు. పొద్దున్నే ఆ గ్రీజు చేతులకు ఎవరు పూసుకుంటారు?

విసిగిపోయి ఒకరోజు అబద్ధం ఆడాడు. తాడుకు ప్రాణముందన్నాడు. తుడవకుండా పని మొదలుపెడితే మనిషిని అడుగుతుందన్నాడు. తను ఇదివరకు పనిచేసిన చోట ఒకణ్ణి అలాగే తీసుకుందన్నాడు. ఆ చోటూ లేదు, ఆ ఒకడూ లేడు. మర్నాటి నుంచి వంతులేసుకుని మరీ తుడిచారు. గుడ్డ చిక్కుకున్న చోటల్లా ఆయన సుద్దముక్కతో గుర్తుపెట్టి, తెగిన తీగలు లెక్కపెట్టేవాడు. జానెడులో ఆరు దాటితే ఆ తాడు దింపించి కొత్తది వేయించేవాడు. నిజంతో కాని పని అబద్ధంతో అయిందని ఇంట్లో గొప్పలు చెప్పుకున్నాడు కూడా.

"నువ్వు పక్కనున్నన్నాళ్ళే ఆ భయం నీ మాట వింటుంది," అంది భార్య. ఆయన నవ్వేశాడు.

ఆయన వచ్చేశాక యార్డులో గుడ్డ మిగిలింది, సుద్దముక్క పోయింది. గుడ్డ చిక్కుకుంటే గండం తుడిచినవాడికేనని వాళ్ళంతట వాళ్ళే తేల్చుకున్నారు. వాణ్ణి ఇంటికి పంపి మిగతావాళ్ళు నిశ్చింతగా పని చేసుకుంటున్నారు.

పెద్దమేస్త్రి నురుగు తుడుచుకుని, సగం గడ్డంతోనే యార్డుకు పోయాడు. కొక్కెం కిందికి దిగే దాకా ఆగి, తాడు మీద గోరు పెట్టి లెక్కపెట్టాడు. జానెడులో పద్నాలుగు.

"పని ఆపండి. ఆ కథ నేను అల్లింది. తాడుకు ప్రాణమూ లేదు, పాడూ లేదు. తీగలు తెగాయి, అంతే."

పైనున్న క్రేను డ్రైవరు తల బయటపెట్టాడు. "నువ్వు చెప్పిన రోజు నుంచి ఇక్కడ ఒక్క ప్రాణం పోలేదు పెద్దమేస్త్రీ. అబద్ధమైతే ఇన్నేళ్ళూ ఎలా కాచింది?"

"నా సుద్దముక్క కాచిందిరా."

అందరూ నవ్వారు. తమ్ముడికి తలకొట్టేసినట్టయింది. "నీ మాట పట్టుకునే ఇరవై ఏళ్ళు బతికాను అన్నయ్యా. ఇప్పుడు నీ మాట వినొద్దని నువ్వే చెబితే ఎలా? ముందు ఆ గడ్డం సంగతి చూసుకో."

సూపర్వైజరు ఆయన్ని పక్కకు పిలిచాడు. "మీరనేది నాకు తెలియక కాదు. కొత్త తాడు రావడానికి నలభై రోజులు పడుతుంది. అప్పటిదాకా ఒకడు ఇంటికి పోతే మిగతావాళ్ళు ధైర్యంగా పనిచేస్తున్నారు. ఉపయోగపడేదాన్ని ఎందుకండీ చెడగొడతారు?"

ఇంచుమించు ఇదే మాట ఒకప్పుడు తను భార్యతో అన్నాడు. పెద్దమేస్త్రి కొక్కెం దగ్గరికి వెళ్ళి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"రాత్రి తాడు కలలోకొచ్చింది. ఇవాళ ఒక్కడితో సరిపోదట. ఇద్దరు కావాలంది."

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు నిచ్చెన మెట్లు రెండేసి చొప్పున దిగాడు. తమ్ముడు కొక్కెం కింద నుంచి అందరికన్నా ముందు పక్కకు జరిగాడు. ఆ రోజుకు పని ఆగింది. అన్నదమ్ములిద్దరూ కలిసే ఇంటికొచ్చారు. దారిలో తమ్ముడు, "చూశావా, నీ నోటితోనే ఒప్పుకున్నావు," అన్నాడు. పెద్దమేస్త్రి ఇంటికొచ్చి మిగిలిన చెంప గీసుకున్నాడు.

మర్నాడు యార్డులో తాడు తుడవడానికి ఇద్దర్ని పెట్టారు. నిన్నటి చోటే గుడ్డ చిక్కుకుంది. తొమ్మిదిన్నరకు ఇద్దరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. వాళ్ళలో తమ్ముడు లేడు. వాడు కొక్కెం కిందే ఉన్నాడు. కొత్త తాడు రావడానికి ఇంకా ముప్ఫై తొమ్మిది రోజులున్నాయి.