లక్ష రాగులు లెక్కబెట్టిన మనిషి

ఆ మంగళవారం పొద్దున పక్కింటి అమ్మాయి మా గడప దగ్గర నిలబడి, "నాయన పోయినాడు చిన్నాయనా" అంది. వెంటనే నమ్మలేదు. ఆ ఇంట్లో ఏ మాటనూ వెంటనే నమ్మే అలవాటు లేదు. గోడ దాటి అది నాకూ అంటుకుంది. వాళ్ళ నాయనే అయితే "ఎవరు చూసినారు? ఎన్నిసార్లు చూసినారు?" అని అడిగేవాడు. వెళ్ళి చూశాను. రెండుసార్లు చూశాను. నిజమే.

కోరమండల్‌లో మా గనివాళ్ళ వరస ఇళ్ళలో అందరికీ ఆయన టోకెన్ మామ. బంగారు గని నడిచిన రోజుల్లో కిందికి దిగే షాఫ్టు మొగదల ఆయన బల్ల ఉండేది. వెనక గోడకు వరసగా మేకులు, మేకుకొక ఇత్తడి బిళ్ళ, బిళ్ళ మీద నంబరు. దిగేవాడు తన బిళ్ళ తీసుకుని దిగాలి, పైకొచ్చాక తిరిగి ఇవ్వాలి. మేకు ఖాళీగా ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ఇంత నిజాయితీ గల గణితం నేను మళ్ళీ ఏ పుస్తకంలోనూ చూడలేదు. అయినా నా పుస్తకాలెంత! బడి నన్ను నాలుగో తరగతితో వదిలేసింది. తక్కిన చదువంతా ఆండర్సన్‌పేటలో తూకానికి కొన్న పాత కాగితాల్లోదే.

ఆ కాగితాల్లోనే ఒకసారి పెద్ద సంఖ్యల పేర్లు దొరికాయి. కోటి దగ్గర ఆగిపోతుందనుకున్న లోకం ఒక్కసారిగా విశాలమైపోయింది. అర్బుదం, ఖర్వం, మహాఖర్వం, పద్మం, మహాపద్మం. పలుకుతుంటేనే నోటికి ఒక వైభవం. మర్నాడే మామ అరుగు మీద కూర్చుని అన్నీ అప్పజెప్పాను. ఆయన వక్క కొరుకుతూ చివరిదాకా విని, "ఇందులో ఒకటన్నా చూసినావా నువ్వు?" అన్నాడు. లేదన్నాను. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని, వక్క ఉమ్మేయడానికి లేచాడు.

పెద్ద లెక్క చెప్పేవాణ్ణి ఆయన ఎన్నడూ నమ్మలేదు. శ్రీనివాసపురంలో కాబోయే వియ్యంకుడు తన తోటలో లక్ష మామిడికాయ ఉందన్నాడని, పెళ్ళి మాటలకు వెళ్ళినవాడు ఒక చెట్టు కింద నిలబడి కాయలు లెక్కబెట్టడం మొదలుపెట్టాడు. అందరి భోజనాలూ చల్లారిపోయాయి. నాకేమో ఆయన మీదే అనుమానం. వంద దాటితే ఈయనకే లెక్క రాదేమో, ఈ బిగువంతా అందుకేనేమో అనుకునేవాణ్ణి.

మూడేళ్ళ కిందట సైనైడ్ దిబ్బల గురించి ఒక మీటింగు జరిగింది. రాయిని పిండిచేసి సైనైడ్ నీళ్ళతో బంగారం లాగేశాక మిగిలిన మట్టే ఆ దిబ్బలు. మా ఇళ్ళ వెనక గుట్టల్లా ఉంటాయి, గాలి లేస్తే మా కంచాల్లోకి వస్తాయి. చదువుకున్నాయన ఒకడు మైకులో, అక్కడ ఇన్ని కోట్ల టన్నుల మట్టి ఉందన్నాడు. అందరం తలలాడించాం, నేను కొంచెం ఎక్కువగానే. మామ లేచి, "లెక్కబెట్టినోడెవరప్పా?" అని అడిగాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు మామ కూతుర్ని అడిగి రాగులు తెప్పించుకున్నాడు. కోటి అంటే ఎంతో కళ్ళతో చూసి చావాలట. ముందు లక్ష.

చాప మీద పళ్ళెం. పది గింజలు పక్కకు, మళ్ళీ పది. వెయ్యి అయితే కాగితంలో ఒక పొట్లం. వెయ్యి గింజలు తూచి, దాన్నిబట్టి మిగతావి తూస్తే సరిపోదా మామా అన్నాను. కళ్ళద్దాల మీదుగా చూశాడు. "తూకం వేరు, లెక్క వేరు. మనుషుల్ని తూచి దించినామా గనిలోకి?"

ఒక మధ్యాహ్నం ఆయన నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళాడు. పళ్ళెంలో వెయ్యి పూర్తి కావొస్తున్న కుప్ప ఉంది. చిటికెడు రాగులు తీసి అందులో కలిపేశాను. కనిపెడతాడా లేదా చూద్దామని. ఆయన వచ్చి, ఇంకో నాలుగు పదులు చేర్చి, పొట్లం కట్టేశాడు. నా అనుమానం నిజమేనని లోలోపల మురిసిపోయాను.

రెండు నెలలకు నూరు పొట్లాలయ్యాయి. అన్నీ విప్పి ఒక పెద్ద స్టీలు గ్లాసులో పోస్తే అంచుదాకా వచ్చాయి. గ్లాసును రెండు చేతులా ఎత్తి చూశాడు. "ఇంతేనా లక్ష?" అన్నాడు. తర్వాత వేళ్ళు మడిచి, "ఇట్లాంటివి నూరయితే కోటి. పదిహేడేళ్ళు కావాల నాకు" అన్నాడు. అప్పటికి ఆయనకు ఎనభై అయిదు. "కోటి అనేటోడెవడూ కోటి లెక్కబెట్టినోడు కాదప్పా. నోరు పోయినంత దూరం కన్ను పోదు."

ఇంటికి వచ్చి నేనూ లెక్క వేశాను. కోటి రాగులంటే ఒక చిన్న మూట. వంద కోట్లయితే ఒక చిన్న లారీ. లక్ష కోట్లంటే అలాంటి లారీలు వెయ్యి. కళ్ళు మూసుకుని ఆ వెయ్యి లారీలను చూడబోయాను. కనబడింది ఒక్క లారీ, దాని వెనక దుమ్ము. నా మహాపద్మాలన్నీ ఆ దుమ్ములోనివే.

ఆయన లక్ష మాత్రం లక్ష కాదని నా ఒక్కడికే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే ఇంకా వెనక్కి వెళ్ళాలి.

నేను గనిలో చేరిన కొత్త. ఒకరోజు షిఫ్టు అయ్యాక తొందరలో బిళ్ళ జేబులోనే వేసుకుని ఇంటికి వచ్చేశాను. అక్కడ ఒక మేకు ఖాళీ. వందలమందిలో ఒక బిళ్ళే కదా, యాడో పడిపోయుంటుందని తోటివాళ్ళు అన్నారట. ఆయన ఒప్పుకోలేదు. కిందికి మనుషుల్ని వెతకడానికి పంపించి, తాను ఎండలో మా ఇంటికి నడిచి వచ్చాడు. నేను సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని ఉన్నాను. తిడతాడనుకున్నాను. చెయ్యి చాచి బిళ్ళ తీసుకున్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి ఆనించి, "ఒకటి" అన్నాడు. ఆనాటి నుంచి నన్ను పేరుతో పిలవలేదు. నా బిళ్ళ నంబరుతోనే, "ఏమప్పా నాలుగొందల పదిహేడూ" అనేవాడు. అలాంటి మనిషి లెక్కలో నేను చిటికెడు అబద్ధం కలిపాను.

మామ పోయిన పదకొండో రోజు ఆయన కూతురు మూత పెట్టిన స్టీలు గ్లాసూ, ఒక చిన్న పొట్లమూ తెచ్చి నా ముందు పెట్టింది. "గ్లాసు నీ దగ్గర పెట్టమన్నాడు చిన్నాయనా. ఈ పొట్లం నీదేనంట. ఆ లెక్కలప్పుడే కట్టి పెట్టినాడు" అంది.

పొట్లం మీద ఆయన చేతిరాత. పైన 417. కింద "ఎక్కువ 37."

నేను ఇంటికి పోయాక ఆ వెయ్యి మళ్ళీ లెక్కబెట్టాడన్నమాట. నేను కలిపినన్ని తీసి, నా నంబరు వేసి, మూడేళ్ళు నోరు విప్పకుండా దాచాడు. అనుమానించాల్సినవాణ్ణే అనుమానించాడు.

అమ్మాయి వెళ్ళాక, వెలుతురు కోసం గడప దగ్గర కూర్చుని పొట్లం విప్పాను. లెక్కబెట్టాను. ముప్పై ఆరు. మళ్ళీ లెక్కబెట్టాను. ముప్పై ఆరే. ఆయన లెక్క తప్పదు. విప్పేటప్పుడు నా చేతిలోంచే జారి ఉండాలి.

లక్ష నిండిన గ్లాసు బల్ల మీద ఉంది. మా ఇంటిది ఎర్ర గచ్చు. మోకాళ్ళ మీద వంగి, దాని పగుళ్ళలో ఒక్క ఎర్ర గింజ కోసం వెతుకుతున్నాను.