వసారాలో ఎనిమిది పలకలు

ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నా మొహం ఎరగరు కనుక మీకు చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్ళూ ఈ బరువు ఒక్కణ్ణే మోశాను. ఇక నావల్ల కాదు.

మా అక్క చెరుకుపల్లి దగ్గర ఒక పల్లెలో పంతులమ్మ. పెళ్ళి చేసుకోలేదు. ఎనభైల చివర్లో కడుపులో క్యాన్సర్ అని తేలింది. ఆరు నెలలన్నాడు డాక్టరు. తెనాలిలో గుమాస్తాగా ఉన్న నేను సెలవు పెట్టి వెళ్ళి, మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడ్చింది చాలు, వెళ్ళి ఎనిమిది పలకలు కొనుక్కురమ్మంది.

నాట్లు వేసే ఆడవాళ్ళకు చదువు చెబుతుందట. వాళ్ళకు చర్చి పాటలన్నీ నోటికొచ్చు, అక్షరం ముక్క రాదు. అక్క అ ఆలు దిద్దించలేదు. వాళ్ళకొచ్చిన పాటే పలకల మీద పెద్ద అక్షరాలతో రాసి, పాడుతూ ఒక్కో మాట మీదా వేలు పెట్టమనేది. గొంతు ఎక్కడుంటే వేలు అక్కడ. సాయంత్రం కాళ్ళ బురద కడుక్కుని వసారాలో కూర్చునేవాళ్ళు. ఆ గంటసేపూ అక్క రోగిష్టి మనిషిలా ఉండేది కాదు. పాఠం అయ్యాక మాత్రం వాంతులు.

విశ్రాంతి తీసుకుంటే ఇంకో రెండు నెలలు బతుకుతుందనుకున్నాను. అదొక్కటేనా? కాదు. వాళ్ళకు అక్క నవ్వు, నాకు అక్క మూలుగు. నాకు కుళ్ళుగా ఉండేది.

ఒకరోజు పొలం గట్టు మీదికి వెళ్ళి, ఇక రావద్దని అక్కే చెప్పమందన్నాను. ఆ మాట ఆమె దగ్గర ఎత్తొద్దన్నాను. సరేనండి అన్నారు. తర్వాత చూడ్డానికి వచ్చినవాళ్ళను కూడా నిద్రపోతోందని వాకిట్లోంచే పంపేశాను.

అక్క రోజూ పలకలు తుడిచి వరసగా పరిచి కూర్చునేది. వారం తర్వాత అడిగింది.

"ఏంట్రా, వీళ్ళు రావట్లేదు?"

"నాట్లు కదక్కా. అలిసిపోయుంటారు."

"నాట్లయిపోయి కలుపు కూడా తీసేశారురా." ఒక పలక తీసి మళ్ళీ తుడిచింది. "నాకే చెప్పడం చేతకాలేదేమో."

కాదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. లేచి మందు కలపడానికి వెళ్ళాను. మర్నాడు పలకలు తనే మంచం కిందికి తోసేసింది. ఆ తర్వాత గోడవైపు తిరిగే పడుకుంది. డాక్టరు చెప్పిన ఆరు నెలలు కూడా నిండలేదు.

మంచికి పోతే చెడు ఎదురైందని సర్దిచెప్పుకుంటూ వచ్చాను. కొన్నేళ్ళకు రేపల్లె బస్టాండులో ఒకామె, ఈ బస్సు చెరుకుపల్లి పోద్దా అని అడిగింది. ఆ ఎనిమిదిమందిలో మరియమ్మ. నన్ను గుర్తుపట్టింది.

"రెండు పాటలు చదవడం వచ్చేసిందండి నాకు. ఇంతలో అక్కగారు వద్దన్నారు. మేం మొద్దులమని విసుగొచ్చిందేమోనండి."

బస్సు బోర్డు చదివి చెప్పాను. నిజం చెప్పలేదు. బస్సు వెళ్ళిపోయింది.

అక్కా, వాళ్ళు మానలేదు. నేనే మాన్పించాను. ఈ రెండు మాటలు రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. క్షమించమని అడగడానికి నువ్వు లేవు. మరియమ్మ ఉంది. కానీ ఇది ఆమె చదవలేదు. చదవడం రాకుండా చేసింది నేనే.